హాల్లో హోమ్ థియేటర్: ముందు గది, తర్వాత మాట, ఆ తర్వాతే బొమ్మ



ఈసారి పాఠం కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి. చేతిలో ఒక కొలత టేపు, ఒక తెల్ల కాగితం పెట్టుకుని చదివితే ఇంకా మంచిది. ఇంటిల్లిపాదీ కూర్చునే హాల్లో మంచి హోమ్ థియేటర్ పెట్టాలంటే ఏ వరుసలో ఆలోచించాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఈ రోజు విషయం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఆడియో నా ఉద్యోగం కాదు. రాజమండ్రిలో మా ఇల్లు కడుతున్నప్పుడు ఈ పని నాన్నగారు నాకు అప్పగించారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బులోంచి లక్షా డెబ్బై వేలు దీనికని విడిగా పెట్టి, ఒక్కటే షరతు చెప్పారు: "మళ్లీ మళ్లీ కొనేది కాదు. మీ నాన్నమ్మకి మాట తెలియాలి." మా నాన్నమ్మకి 80 దాటాయి. చెవుడు లేదు. కానీ టీవీ ముందు కూర్చుంటే "వినపడుతోందిరా, ఏమంటున్నాడో తెలియట్లేదు" అంటుంది. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాటే ఇది. మనం ఏం చేస్తాం? వాల్యూమ్ పెంచుతాం. అప్పుడు పక్క గదిలో చదువుకునే పిల్లలకి ఇబ్బంది, ఆవిడకి మాత్రం మాట ఇంకా తెలియదు.

ఎందుకలా? జాగ్రత్తగా గమనించండి. మన మాటలో అచ్చుల బలం కింది స్థాయిలో, అంటే కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. స, శ, ష, ఫ లాంటి హల్లుల గుర్తులు పైన 2000 నుంచి 8000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ పై భాగాన్నే. అచ్చులు వినపడతాయి కాబట్టి "వినపడుతోంది". హల్లులు జారిపోతాయి కాబట్టి "తెలియట్లేదు". నాన్నమ్మ చెప్పింది అక్షరాలా నిజం. వాల్యూమ్ పెంచితే అచ్చులు కూడా అంతే పెరుగుతాయి, హల్లుల్ని ఇంకా కప్పేస్తాయి. దీనికి మందు వాల్యూమ్ బటన్లో లేదు. గదిలో ఉంది.

గది సంగతి

మన ఇళ్లలో హాలు ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోండి. కింద విట్రిఫైడ్ టైల్స్, చుట్టూ పుట్టీ పెట్టి నున్నగా రుద్దిన గోడలు, పైన పీఓపీ, ఒక వైపు పెద్ద గాజు కిటికీ. చూడ్డానికి బాగుంటుంది, తుడవడానికి సులువు. కానీ శబ్దానికి అది బావి లాంటిది. స్పీకర్ నుంచి వచ్చిన మాట ఒకసారి నేరుగా చెవికి చేరుతుంది. అదే మాట గోడకి, నేలకి, కప్పుకి కొట్టుకుని కాస్త ఆలస్యంగా మళ్లీ మళ్లీ చేరుతుంది. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది కదా. ఆ చివరి అచ్చు గదిలో మోగుతూ ఉండగానే తర్వాతి మాట మొదటి హల్లు వచ్చి అందులో మునిగిపోతుంది.

ఈ శాస్త్రానికి మూలపురుషుడు వాలెస్ క్లెమెంట్ సబైన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో పాఠం చెబితే ఎవరికీ అర్థం కావట్లేదు. ఒక మాట అన్నాక అది 5 సెకన్లు దాటి మోగుతోంది. ఈ సంగతి చూడమని ఆ కుర్ర ఫిజిక్స్ మాస్టారికి చెప్పారు. అప్పటికి ఆయన వయసు 27. మీటర్లూ లేవు, సాఫ్ట్‌వేర్లూ లేవు. ఒక ఆర్గన్ గొట్టం, ఒక స్టాప్‌వాచ్, తన చెవి. దగ్గర్లో ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి రాత్రిళ్లు సీట్ల మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు వేస్తే ఎంత తగ్గుతోందో కొలిచాడు. ఆ మెత్తల లెక్కలోంచే సూత్రం పుట్టింది. తర్వాత 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలుకి ఆయనే లెక్కలు కట్టి ఇచ్చాడు.

ఆ సూత్రం చాలా చిన్నది. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించండి. వచ్చినదాన్ని గది మొత్తం పీల్చుకునే శక్తితో భాగించండి. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది. పీల్చుకునే శక్తి అంటే? తెరిచిన కిటికీని 1 అనుకోండి. దాంట్లోంచి వెళ్లిన శబ్దం తిరిగి రాదు కదా. దాంతో పోలిస్తే టైల్సు, సిమెంటు గోడ 0.02 నుంచి 0.05 దాకా, మడతలున్న మందపాటి కర్టెన్ సుమారు 0.5, తివాచీ ఓ 0.3. ఇవి మధ్య స్థాయి శబ్దాలకి సుమారు లెక్కలు. కింది స్థాయి శబ్దాలకి కర్టెన్ ఏమీ చెయ్యలేదు, అది గుర్తుంచుకోండి.

మా హాలు లెక్క చూడండి. పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. అంటే 54 ఘనపు మీటర్లకి కాస్త పైన. ఆరు ముఖాల వైశాల్యం కలిపి 944 చదరపు అడుగులు, దాదాపు 88 చదరపు మీటర్లు. ఖాళీ గదికి సగటున 0.05 వేసుకుంటే పీల్చుకునే శక్తి 4.4. సూత్రంలో పెడితే 2 సెకన్లు. మాట తెలియాలంటే మన హాలంత గదికి అది అర సెకను దగ్గరికి రావాలి. ఇప్పుడు కలుపుకుంటూ వెళ్దాం. బట్ట కవరున్న సోఫా సెట్టు 4, కిటికీకీ బాల్కనీ తలుపుకీ మందపాటి కర్టెన్లు మూడున్నర, సోఫా ముందు ఆరడుగులు బై తొమ్మిదడుగుల తివాచీ ఒకటిన్నర, పుస్తకాల బీరువా 1, కూర్చున్న ఐదుగురు మనుషులు 2. అన్నీ కలిపితే 16 దాటుతుంది. మళ్లీ సూత్రంలో పెడితే అర సెకను.

చూశారా? ఒక్క స్పీకరు కూడా కొనకుండా సమస్యలో పెద్ద భాగం తీరింది. అందుకే సోఫా కొనేటప్పుడు లెదర్, రెగ్జిన్ వద్దని నేను పట్టుబట్టాను. అమ్మకి తుడుచుకోవడానికి వీలుగా ఉండాలి, నాకు బట్ట కావాలి. చివరికి జిప్పు తీసి ఉతుక్కునే కవర్ల దగ్గర రాజీ కుదిరింది.

లెక్కల మీద నమ్మకం లేనివాళ్లకి ఒక పరీక్ష. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి ఫోన్లో రికార్డు చెయ్యండి. తర్వాత ఇంట్లో ఉన్న దూది పరుపులు రెండు గోడకి ఆనించి, నాలుగు బొంతలు తాడు మీద వేలాడదీసి మళ్లీ కొట్టండి. రెండూ పక్కపక్కన వినండి. మేము గృహప్రవేశానికి ముందు ఇదే చేశాం. మా చెల్లి "పెళ్లి విడిదిల్లులా ఉంది" అని నవ్వింది గానీ, తేడా విన్నాక కర్టెన్ల ఖర్చు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మధ్య స్పీకరే పెద్దన్న

ఇప్పుడు 5.1 అంటే ఏంటో చూద్దాం. ముందు ఎడమ, కుడి, మధ్య. వెనక ఎడమ, కుడి. ఇవి ఐదు. తర్వాత ఉన్న ఆ ఒకటి సబ్ వూఫర్. దానికి కింది స్థాయి శబ్దం తప్ప ఇంకేం రాదు కాబట్టి చుక్క పెట్టి విడిగా రాస్తారు. దాని తర్వాత ఇంకో చుక్క ఉంటే, 5.1.2 లాగా, పైకప్పు నుంచి వచ్చే శబ్దానికి ఇంకో రెండు అని అర్థం. డాల్బీ అట్మాస్ అనేది ఇదే. థియేటర్లలోకి 2012లో, ఇళ్లలోకి 2014లో వచ్చింది.

సినిమాలో మాటలు ఎక్కువ భాగం వచ్చేది మధ్య స్పీకర్ నుంచి. దీన్ని బాగా పట్టుకోండి. సంగీతం, వాన, గుర్రాలు, తుపాకులు చుట్టూ పంచుతారు. మాట మాత్రం మధ్యలో నిలబెడతారు. ఈ స్పీకరు విడిగా ఉంటే దాని ఒక్కదాన్నే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు. నేపథ్య సంగీతం పెరగదు, మాట ముందుకొస్తుంది. మామూలు టీవీలో ఈ వీలు ఉండదు. పైగా సన్నటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో చూస్తూ ఉంటాయి. మనకి చేరేది గోడకి కొట్టుకుని వచ్చిన శబ్దమే.

అందుకని నా అభిప్రాయం ఖరాఖండిగా చెబుతాను. డబ్బు తక్కువుంటే నాసిరకం 5.1 కొనకండి. ముందు మూడు మంచి స్పీకర్లు, ఒక సబ్ వూఫర్ తీసుకోండి. వెనకవి ఏడాది తర్వాత చేర్చుకోవచ్చు. వెనక స్పీకర్లు లేకపోతే సినిమా చెడిపోదు. మధ్యది బాగోకపోతే అంతా చెడుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, గోడలకి మేకు కొట్టనివ్వని ఓనరు ఉన్నవాళ్లు మధ్య ఛానెల్ విడిగా ఉన్న సౌండ్‌బార్ తీసుకోండి. పెట్టె మీద 2.1 అని ఉంటే అందులో మధ్యది లేదు. 3.1 అని ఉంటే ఉంది. సౌండ్‌బార్ గురించి ఇంతకంటే తెలుసుకోవాల్సింది పెద్దగా లేదు.

వాట్ల మాయ

ఒక షాపులో నాకు చూపించిన సెట్టు మీద ఐదు వేల వాట్ల పీఎంపీఓ అని రాసి ఉంది. అమ్మే కుర్రాడు ఒక ఫైటు సీను పెట్టి అద్దాలు అదిరేలా మోగించాడు. నేను పెట్టె తిప్పి వెనక లేబుల్ చూశాను. గోడ ప్లగ్గు నుంచి తీసుకునేది 60 వాట్లు. 60 వాట్లు తిని ఐదు వేల వాట్లు ఇచ్చే యంత్రం లోకంలో లేదు. పీఎంపీఓ అనే అంకె చూసిన వెంటనే పక్కన పెట్టేయండి. ఆర్ఎంఎస్ ఎంత, ఎన్ని ఓమ్స్ మీద, ఒకేసారి ఎన్ని ఛానెళ్లు నడిపితే అన్నది అడగండి.

అసలు మనకెంత కావాలి? స్పీకర్ కాగితంలో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 87 డెసిబెల్స్ అనుకోండి. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. మా సోఫా 9 అడుగుల దూరంలో ఉంది, అంటే 2.74 మీటర్లు. ఆ దూరానికి 9 డెసిబెల్స్ పోతే ఒక్క వాట్‌కే 78 మిగులుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో మామూలుగా చూసే స్థాయి 70, 75. అంటే రోజూ మనం వాడేది ఒక వాట్ కూడా కాదు! పెద్ద పెద్ద శబ్దాలకి ఇంకో 20 డెసిబెల్స్ కావాలనుకుంటే 100 వాట్లు, ఎందుకంటే ప్రతి 10 డెసిబెల్స్‌కి పదింతల వాట్లు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 80 వాట్ల రిసీవరా, 100 వాట్ల రిసీవరా అని తలపట్టుకోవడం అనవసరం. తేడా ఒక డెసిబెల్ మాత్రమే, చెవికి దొరకదు.

బొమ్మ ఎంత పెద్దది, ఎంత ఎత్తులో

కంటికి తెర కనీసం 30 డిగ్రీల వెడల్పు ఆక్రమిస్తే సినిమా చూస్తున్నట్టు ఉంటుంది, 40 డిగ్రీలైతే థియేటర్లో మధ్య వరుసలా ఉంటుంది. సులువైన లెక్క: కూర్చునే దూరాన్ని అంగుళాల్లో తీసుకుని 1.6తో భాగిస్తే 30 డిగ్రీల టీవీ సైజు, 1.2తో భాగిస్తే 40 డిగ్రీల సైజు. 9 అడుగులంటే 108 అంగుళాలు. భాగిస్తే 67 నుంచి 90. మేము 65 తీసుకున్నాం. వీలైతే 75 ఇంకా మంచిదే, కానీ మా డబ్బు స్పీకర్లకి కావాలి.

4కేనా, 8కేనా? మామూలు చూపున్నవాళ్లు 65 అంగుళాల తెర మీద 4కే చుక్కల్ని విడివిడిగా చూడాలంటే దాదాపు నాలుగు అడుగుల దగ్గరికి రావాలి. సోఫాలో కూర్చుని 8కే కోసం డబ్బు పెట్టడం నీళ్లలో పొయ్యడమే. ప్రొజెక్టర్ గురించి కూడా అడుగుతారు. కుటుంబమంతా తిరిగే హాల్లో, పగలు వెలుతురు ఉండే చోట అది వద్దు. ప్రొజెక్టర్ నలుపు రంగుని వెయ్యలేదు, గదిలో చీకటే దాని నలుపు.

ఇక ఎత్తు. మనవాళ్లు టీవీని దేవుడి పటంలా పైన తగిలిస్తారు. సోఫాలో కూర్చున్నప్పుడు కన్ను నేల నుంచి సుమారు 42 అంగుళాల ఎత్తులో ఉంటుంది. 65 అంగుళాల టీవీ ఎత్తు 32 అంగుళాలు. దాని నడుము కంటికి ఎదురుగా ఉండాలంటే అడుగు అంచు 26 అంగుళాల దగ్గర ఉండాలి. అదే అడుగు అంచుని 5 అడుగుల ఎత్తున పెడితే, మెడ 17 డిగ్రీలు పైకెత్తి రెండున్నర గంటలు కూర్చోవాలి. మామూలు మనిషికే పట్టేస్తుంది, స్పాండిలైటిస్ ఉన్న మా అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. పైగా టీవీ పైకి పోతే మధ్య స్పీకరు ఒకచోట, మాట్లాడే మొహం ఇంకోచోట అవుతుంది.

స్పీకర్ల స్థానాలు కాగితం మీద గీసుకోండి. ముందు రెండూ మీ నుంచి చెరో వైపు 30 డిగ్రీలు. 9 అడుగుల దూరానికి, టీవీ మధ్య గీత నుంచి చెరో పక్క 5 అడుగుల 2 అంగుళాలు అన్నమాట. వెనకవి 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, అంటే చెవికి పక్కన, కొంచెం వెనకగా, చెవి కంటే అడుగో రెండడుగులో ఎత్తున. చాలా ఇళ్లలో సోఫా గోడకి ఆనించి ఉంటుంది. కనీసం ఒక అడుగున్నర ముందుకి లాగండి. గోడ పక్కన కింది శబ్దం ఉబ్బిపోయి మాటని మింగేస్తుంది. దీనికి అమ్మని ఒప్పించడానికి నాకు రెండు వారాలు పట్టింది. సోఫా వెనక ఊడవడానికి వీలవుతుందన్న మాటతో ఒప్పుకుంది.

గోడలో పైపులు

ఇల్లు కడుతున్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. ప్లాస్టరింగ్ అయిపోయాక గుర్తొస్తే గోడ పగలగొట్టాలి.

మా ఎలక్ట్రీషియన్ గారు పెద్దాయన, ముప్పై ఏళ్ల అనుభవం. "ముప్పావు అంగుళం పైపు వేసేస్తానండి, అన్నీ పోతాయండి" అన్నారు. నేను జేబులోంచి ఒక హెచ్‌డీఎంఐ వైరు తీసి ఆయన చేతికిచ్చాను. దాని తల వెడల్పు దాదాపు 20 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం పైపు లోపలి వ్యాసం అంతకంటే తక్కువ. ఆయన రెండు క్షణాలు చూసి, "అయితే రెండంగుళాల పైపు వేద్దాం బాబూ, మోచేతి బెండు కాదు, పొడుగు బెండు పెడదాం, లేకపోతే తల తిరగదు" అన్నారు. పొడుగు బెండు సంగతి నాకు తట్టలేదు, అది ఆయన అనుభవం.

మేం వేసినవి ఇవీ. టీవీ వెనక నుంచి కింద యూనిట్ దాకా రెండంగుళాల పైపు ఒకటి. యూనిట్ నుంచి వెనక గోడ మీద రెండు చోట్లకి అంగుళం పైపులు. సబ్ వూఫర్‌కి రెండు మూలల్లో పాయింట్లు. పైకప్పులో రెండు చోట్లకి ఖాళీ పైపులు, రేపు అట్మాస్ కావాలంటే పనికొస్తాయి. ప్రతి పైపులోనూ ఒక నైలాన్ తాడు వదిలిపెట్టాం. పవర్ వైర్ల పైపుకి ఒక అడుగైనా దూరం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపిస్తే గుయ్యిమనే రొద వస్తుంది.

స్పీకర్ వైరు పేరుతో మీటరు వేల రూపాయలకి అమ్మేవి ఉన్నాయి. వాటి జోలికి వెళ్లకండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల స్వచ్ఛమైన రాగి వైరు తీసుకుంటే, 10 మీటర్ల దూరానికి పోను రాను కలిపి నిరోధం సుమారు పావు ఓమ్. 8 ఓమ్స్ స్పీకర్‌కి 5 శాతం లోపు, అంటే 0.4 ఓమ్ లోపు ఉంటే చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం మాత్రం వద్దు. చివర చాకుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. వైరు, బనానా ప్లగ్గులు నేను హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ తిరిగి తెచ్చాను. హెచ్‌డీఎంఐ మాత్రం ఐదు మీటర్లు దాటకుండా చూసుకోండి. దాటాల్సి వస్తే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కావాలి, దానికి ఒక దిక్కే పనిచేసే గుణం ఉంటుంది. ఏ చివర టీవీకో చూసి మరీ లాగండి.

రిసీవర్‌కీ టీవీకీ మధ్య ఆ ఒక్క వైరే చాలు. టీవీ వెనక ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి. టీవీలోనే ఉన్న యాప్‌లో సినిమా నడుస్తుంటే దాని శబ్దం ఆ వైరులోంచి వెనక్కి రిసీవర్‌కి వస్తుంది. ఓటీటీల్లో వచ్చే అట్మాస్‌కి మామూలు ఏఆర్‌సీ సరిపోతుంది. బ్లూరే ప్లేయర్ని టీవీకి కలిపి, దాని పూర్తి నాణ్యత శబ్దం కావాలనుకున్నవాళ్లకే ఈఏఆర్‌సీ తప్పనిసరి. పాత ఆప్టికల్ ఆడియో వైరు అట్మాస్‌ని మొయ్యలేదు.

మా ఖర్చు

మా పద్దు: టీవీ 68 వేలు, రిసీవర్ 34, ముందు మూడు స్పీకర్లు 30, సబ్ వూఫర్ 16, వెనక రెండు 10, మిగిలిన 12 వేలు వైర్లు, కర్టెన్లు, తివాచీ. ధరలు ఊరిని బట్టి, సీజన్ని బట్టి మారతాయి. ఇక్కడ చూడాల్సింది వాటాలు. మొత్తంలో టీవీ 40 శాతమే. చాలామంది 80 శాతం టీవీకి పెట్టేసి మిగిలిన దాంతో ఏదో ఒక స్పీకరు కొంటారు. ఇంకో సంగతి, 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే బిల్లులో ఏడు, ఎనిమిది శాతం తగ్గాలి. పాత ధర కొట్టేసి తగ్గింపు అని రాసిన చోట ఆ తేడా పన్నుదా, షాపుదా అని అడగండి.

షాపుకి వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన ఒక పాట, ఒక మనిషి నిదానంగా మాట్లాడే వీడియో పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. వాల్యూమ్ తగ్గించి వినిపించమనండి. గట్టిగా మోగితే ఏ స్పీకరైనా గొప్పగానే ఉంటుంది. మెల్లగా పెట్టినప్పుడు మాట తేటగా ఉందా అన్నదే పరీక్ష. మేం నాన్నమ్మని కూడా తీసుకెళ్లాం. మూడు సెట్లు విని, ధర తెలియకుండానే మధ్య రకందాన్ని చూపించి, "ఇతను నమిలి మింగకుండా చెబుతున్నాడు" అంది. అదే కొన్నాం.

కరెంటు విషయం త్వరగా చెప్పేస్తాను. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న పాయింటు, ఒక మంచి సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి. ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా తీసేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద స్పీకర్లలో రొద వస్తుంది, ప్యూర్ సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు.

అమర్చిన రోజు

రిసీవర్‌తో వచ్చిన చిన్న మైకుని సోఫాలో చెవి ఎత్తున పెట్టి, ఫ్యాన్ ఆపి, ఆటో సెటప్ నడపండి. ప్రతి స్పీకరు దూరాన్ని అదే కొలుస్తుంది. శబ్దం ఒక అడుగు నడవడానికి దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది కాబట్టి, దగ్గరున్న స్పీకర్ని ఆ మేరకు ఆలస్యం చేసి అన్నిటినీ ఒకేసారి చెవికి చేరుస్తుంది. అయ్యాక మీరు మూడు పనులు చెయ్యాలి. స్పీకర్లన్నిటినీ స్మాల్ అని పెట్టి, 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్ వూఫర్‌కి మళ్లించండి. మధ్య స్పీకర్ని 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపి, ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. సెకనుకి 24 బొమ్మలతో తీసిన సినిమా అప్పుడు సీరియల్‌లా కాకుండా సినిమాలా కనిపిస్తుంది.

సబ్ వూఫర్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఏ మైకూ చెప్పదు. ప్రతి గదికీ తనవైన కొన్ని స్వరాలు ఉంటాయి. మా హాలుకి పొడవు వల్ల 35 హెర్ట్జ్, వెడల్పు వల్ల 47, ఎత్తు వల్ల 56. వాటి దగ్గర గది ఒకచోట ఘోషిస్తుంది, ఇంకోచోట మూగబోతుంది. దీనికి పాత చిట్కా ఒకటుంది. సబ్ వూఫర్ని ఎత్తి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. డ్రమ్ములున్న పాట నడిపించండి. మీరు గోడల వెంట పాకుతూ, చెవి నేలకి దగ్గరగా పెట్టి వినండి. శబ్దం ఎక్కడ గుబగుబమనకుండా, తేటగా, సమానంగా వినిపిస్తుందో అక్కడ సబ్ వూఫర్ పెట్టండి. నేను పాకుతుంటే నాన్నమ్మ "ఏరా, ఏం పారేసుకున్నావు?" అని తను కూడా కళ్లజోడు పెట్టుకుని వెతకడం మొదలుపెట్టింది. మాకు దొరికిన చోటు మూల కాదు. ఎడమ స్పీకరు పక్కన, మూల నుంచి మూడడుగుల ఇవతల.

రాత్రి తొమ్మిది దాటాక రిసీవర్లో నైట్ మోడ్ పెట్టండి. పెద్ద శబ్దాల్ని అణిచి, చిన్న మాటల్ని లేపుతుంది. పక్కింటివాళ్లకి గోడలోంచి చేరేది ముఖ్యంగా కింది శబ్దమే కాబట్టి, సబ్ వూఫర్ని కూడా ఒక ఐదు డెసిబెల్స్ తగ్గించండి. పెదవులకీ మాటకీ పొంతన కుదరకపోతే రిసీవర్లో లిప్ సింక్ అన్న చోట సరిచేసుకోవచ్చు. ఎవరైనా చప్పట్లు కొట్టే వీడియో పెట్టి, చేతులు కలిసిన క్షణానికి చప్పుడు వచ్చేదాకా పది పది మిల్లీసెకన్లు మార్చుకుంటూ వెళ్లండి.

చివరగా రిమోట్లు. టీవీలోనూ రిసీవర్లోనూ సీఈసీ ఆన్ చేస్తే టీవీ రిమోట్ ఒక్కటే రెండిటినీ నడుపుతుంది. మా రిమోట్ మీద పవరు, వాల్యూమ్, ఛానెల్, ఓకే వదిలేసి మిగతా బటన్లన్నిటి మీదా తెల్ల టేపు అంటించి, పవర్ పక్కన ఎర్ర పెన్నుతో "ఇది" అని రాశాను. రిసీవర్ రిమోట్ అల్మారాలో పైఅరలో ఉంది.